వరంగల్ నుంచి తీర్థన్ నదికి: ట్రౌట్ వేటకు ప్లాన్ ఎలా చేసుకోవాలి?

ధర్మసాగర్ కట్ట మీదనో పాకాల ఒడ్డుననో గాలం వేస్తూ పెరిగినవాళ్లు ట్రౌట్ పేరు వినగానే అడిగే మొదటి ప్రశ్న, ఆ చేప మన దగ్గర ఎందుకు లేదు అని. కారణం నీళ్లే. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల చల్లటి నీరు కావాలి, అదీ రాళ్ల మీద పడి నురగలు కక్కుతూ పారే నీరు. వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, 25 దగ్గరికి వస్తే బతకడమే కష్టం. ఎండాకాలంలో మన చెరువు నీళ్లు 30 కూడా దాటుతాయి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుని ఆ వేడిలోనూ బతికేస్తుంది. ట్రౌట్‌కు ఆ వీలు లేదు.

అందుకే ఈ ప్రయాణాన్ని సెలవులను బట్టి కాకుండా నీళ్లను బట్టి ప్లాన్ చేసుకోవాలి. నేను మొదటిసారి సెలవు దొరికింది కదా అని జులై రెండో వారంలో వెళ్లాను. వానలకు నది ఎర్రమట్టి కలిపినట్టు పారుతోంది. మూడు రోజులు గదిలో కూర్చుని ఆ హోరు వింటూ తిరిగొచ్చాను. గది ఇచ్చినాయన్ను అద్దె అడిగాను, భోజనం అడిగాను, నీళ్లెలా ఉన్నాయని మాత్రం అడగలేదు.

ముందు నది, తర్వాత నెల

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది హిమాచల్‌ప్రదేశ్, కులు జిల్లాలోని తీర్థన్ నది. ఇది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ కొండల్లో పుట్టి, గుశైనీ, బంజార్ మీదుగా వచ్చి లార్జీ దగ్గర బియాస్ నదిలో కలుస్తుంది. దీంట్లో బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ఉన్నాయి. రెండూ బయటి నుంచి వచ్చినవే. బ్రౌన్ ట్రౌట్ సొంత ఊరు యూరప్, రెయిన్‌బోది ఉత్తర అమెరికా పడమటి తీరం. ఒంటి మీద నలుపు, ఎరుపు చుక్కలుంటే బ్రౌన్, పక్కన గులాబీ రంగు పట్టీ ఉంటే రెయిన్‌బో.

నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా అక్కడ ట్రౌట్ వేట నిషేధం, అది గుడ్లు పెట్టే కాలం. జులై, ఆగస్టుల్లో వరద నీళ్లు. మే చివర్లో పైన మంచు కరిగి వాగు ఉద్ధృతి పెరుగుతుంది. ఇవన్నీ తీసేస్తే మనకు మిగిలేవి రెండు ముక్కలు: మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా ఒకటి, సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ దాకా ఒకటి. మిరుగం నాటికి మనకు చేపల మీద మనసు మళ్లుతుంది గానీ, ఆ కార్తె ఈ నదికి కలిసిరాదు.

నాకు నచ్చేది అక్టోబరే. సద్దుల బతుకమ్మ, దసరా ఇంట్లో చేసుకుని, జమ్మి పెట్టి అందరినీ కలిసి, ఆ తర్వాత బయలుదేరవచ్చు. ఒక్కటి మాత్రం చూసుకోండి. కులు దసరా మన దసరా రోజున మొదలై వారం పాటు సాగుతుంది. ఆ వారం కులు వైపు బస్సులు, గదులు కిటకిటలాడతాయి. అది అయిపోయాక చేరేలా తేదీ పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

టికెట్లు, గది, లైసెన్స్

మొత్తం తొమ్మిది రోజులు అనుకోండి. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున ఎక్కితే మర్నాడు పొద్దున ఢిల్లీలో దిగుతారు. వరంగల్ స్టేషన్ దగ్గరైతే తమిళనాడు, జీటీ ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి ఆ రోజే బుక్ చేయండి. ఢిల్లీ కశ్మీరీ గేట్ బస్టాండ్ నుంచి సాయంత్రం మనాలీ బస్సు ఎక్కి, ఔట్ అనే ఊళ్లో దిగాలి. అక్కడ రోడ్డు ఒక పొడవాటి సొరంగంలోకి వెళుతుంది. దాన్ని దాటకముందే దింపమని కండక్టర్‌కు రాత్రే చెప్పి పెట్టండి, తెల్లవారుజామున నిద్రలో ఉంటే కులు దాకా వెళ్లిపోతారు. ఔట్ నుంచి బంజార్, అక్కడి నుంచి గుశైనీ లోకల్ బస్సులో గానీ ట్యాక్సీలో గానీ.

గదికి ఫోన్ చేసినప్పుడు మూడు అడగండి: నీళ్లు తేటగా ఉన్నాయా, ఇల్లు నది ఒడ్డునే ఉందా, లైసెన్స్ ఎక్కడ ఇస్తారు. లైసెన్స్ మత్స్యశాఖ వాళ్లు రోజు లెక్కన ఇస్తారు. ఆధార్ జిరాక్స్ దగ్గర ఉంచుకోండి. రోజుకు ఎన్ని చేపలు, ఎంత పొడవుకు తక్కువైతే వదిలేయాలి అన్న నిబంధనలు చదివాకే రాడ్ విప్పండి. నేషనల్ పార్క్ లోపల గాలం వేయకూడదు.

సామాను, ప్రాక్టీసు

బెండు, వానపాములు, పిండిముద్దలు ఇంట్లోనే వదిలేయండి. ఆరేడు అడుగుల తేలికైన స్పిన్నింగ్ రాడ్, చిన్న రీల్, 4 నుంచి 6 పౌండ్ల బరువు ఆపే లైన్, 3 నుంచి 7 గ్రాముల స్పూన్లు, స్పిన్నర్లు (నీళ్లలో లాగితే చిన్న చేపలా మెరిసే లోహపు ఎరలు) చాలు. ఈక, దారంతో ఈగలా కట్టిన ఫ్లైతో వేటాడటం అందమైన విద్యే గానీ, దాని రాడ్ వేరు, విసురు వేరు. అది రెండో ప్రయాణానికి ఉంచుకోండి. గాలం ముల్లు వెనక ఉండే చిన్న పన్నును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేయండి. చేపను వదలాల్సి వస్తే నోరు చీలకుండా ఊడివస్తుంది.

అసలు తయారీ ఇంటి దగ్గరే జరగాలి. లైన్ చివర గాలం తీసేసి ఒక చిన్న నట్టు కట్టండి. స్కూల్ గ్రౌండ్‌లో ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టి, ముప్పై నలభై అడుగుల దూరం నుంచి నట్టు అందులో పడేలా విసరండి. పదిలో ఐదు పడేదాకా రోజూ అరగంట. మా బామ్మర్ది దీన్ని పిల్లలాట అనుకుని మానేశాడు. నది దగ్గర మొదటి పూటలోనే నాలుగు స్పూన్లు రాళ్ల సందుల్లో పోగొట్టుకున్నాడు.

నది దగ్గర

చెరువు దగ్గర ఓపిక అంటే కూర్చోవడం. ఇక్కడ ఓపిక అంటే నడవడం. ఒక్కో చోట నాలుగైదు విసుర్లు, చేప పట్టకపోతే కదిలిపోవాలి. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, కొట్టుకొచ్చే పురుగుల కోసం చూస్తూ ఉంటుంది. కాబట్టి కిందివైపు నుంచి, దాని వెనక నుంచి వెళ్లాలి. మట్టిరంగు చొక్కా వేసుకోండి. మీ నీడ నీళ్ల మీద పడనివ్వకండి.

గేదె పడుకున్నంత రాయి ఒకటి వెతకండి. దానికి రెండు పక్కలా నీరు ఉరుకుతుంది, వెనకాల మాత్రం నిదానంగా సుడి తిరుగుతుంది. ఉరికే నీరు, నిలిచిన నీరు కలిసేచోట సన్నటి నురగ గీత కనిపిస్తుంది. చేప ఆ గీత కిందే ఉంటుంది. స్పూన్‌ను రాయికి ఎగువన నీళ్లలో వేసి, ప్రవాహం కంటే కాస్త వేగంగా చుట్టుకుంటూ ఆ గీత పక్కనుంచి తీసుకురండి. మునిగే బెండు లేదు కాబట్టి కబురు కళ్లకు రాదు, మణికట్టుకు వస్తుంది. ఒక్క చిన్న కుదుపు, ఆ వెంటనే రీల్ కిర్రుమంటుంది. అప్పుడు గుంజకండి, రాడ్ నిటారుగా ఎత్తి పట్టుకుని దాన్ని అలిసిపోనివ్వండి.

ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. పొడి చెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు ఊడి చేపకు జబ్బు చేస్తుంది. వదిలేదైతే నీళ్లలోనే, ప్రవాహానికి ఎదురుగా మెల్లగా పట్టుకోండి. తోక బలంగా ఆడించగానే అదే వెళ్లిపోతుంది.

ఇది తప్పకుండా చదవండి

2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి టూర్‌కు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్‌లో కొట్టుకుపోయింది మీరు వెళ్లే ఈ దారిలోనే, ఔట్ చేరకముందు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, రాళ్ల మీద నిలబడ్డ పిల్లలకు ఒడ్డెక్కే టైం లేకపోయింది. ఆ మలుపు దాటేటప్పుడు ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. డ్యామ్ కింద ఎంత మంచి మడుగు కనిపించినా దిగకండి. తీర్థన్‌లో కూడా మోకాలు దాటి లోపలికి వెళ్లకండి. ఒంటరిగా అసలే వద్దు. పైన కొండ మీద మబ్బు నల్లబడినా, తేట నీళ్లు ఉన్నట్టుండి మసకబారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా అదే క్షణం గట్టెక్కండి. చెప్పులు, స్లిప్పర్లు పనికిరావు, మంచి పట్టున్న రబ్బరు సోలు బూట్లు కావాలి.

తినడానికి ఉంచుకున్న చేపను మన పులుసులో వేయకండి. మాంసం మెత్తన, ముక్క విడిపోతుంది. పొట్ట శుభ్రం చేసి, ఉప్పు, పసుపు, కాస్త మన కారం రాసి, చేపను ముక్కలు చేయకుండా పెనం మీద రెండు వైపులా కాల్చండి. గుశైనీ దగ్గర చాలా ఇళ్లలో అడిగితే వంటగది ఇస్తారు. కారం పొట్లం మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి.