పులిసిన ట్యాంకులోకి దిగొద్దు: పంట వ్యర్థాలతో ఇథనాల్ తీసేవాళ్లకు జాగ్రత్తలు

మొన్న మళ్లీ అదే కబురు విన్నాను. పులియబెట్టే ట్యాంకు ఖాళీ చేశారు, అడుగున మిగిలిన మడ్డి ఎత్తిపోయడానికి ఒక కుర్రాడు దిగాడు, కాసేపటికే పలకడం మానేశాడు. పైన నిలబడ్డది వాళ్లన్న. ఏమైందో చూద్దామని ఆయనా దిగాడు. ఇద్దరూ ప్రాణాలతో పైకి రాలేదు. ఇలాంటిది వినడం నాకిది మూడోసారి. మూడుసార్లూ జరిగింది ఒకటే: మొదటి మనిషి పని కోసం దిగుతాడు, రెండో మనిషి మొదటివాడి కోసం దిగుతాడు.

కోతలు అయిపోయి గడ్డి, చెరకు పిప్పి, మొక్కజొన్న కంకుల బెండ్లు లోడ్లకు లోడ్లు వచ్చి పడేముందు ట్యాంకులన్నీ కడిగి పెట్టుకునే రోజులివి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఇథనాల్ దగ్గర బీడీ కాల్చొద్దు లాంటివి చెప్పను, అవి అందరికీ తెలుసు. నిప్పుకి భయపడే మనిషే ఖాళీ ట్యాంకులోకి మాత్రం ఇంట్లో గదిలోకి నడిచినంత ధీమాగా దిగుతాడు. నా బాధంతా దాని గురించే.

ట్యాంకులో ఏం మిగులుతుంది

పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్, చక్కెరను తిని ఎంత ఇథనాల్ ఇస్తుందో ఇంచుమించు అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. 100 కిలోల గ్లూకోజ్ పూర్తిగా పులిస్తే లెక్క ప్రకారం 51 కిలోల ఇథనాల్, 49 కిలోల గ్యాస్. ఆ గ్యాస్ ఒక్కటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న గదిని నింపేస్తుంది. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి గుజ్జు బయటికి పోయినా ఇది అడుగునే ఉండిపోతుంది. కంటికి కనపడదు. పులిసిన వాసన ఎలాగూ ఉంటుంది కాబట్టి ముక్కు కూడా ఏమీ చెప్పదు. గాలిలో 4 శాతం ఉంటేనే ప్రాణాపాయం కింద లెక్క, 10 శాతం దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది.

"పైనుంచి మీటర్ పెట్టి చూశాం, బాగానే ఉంది" అంటారు. మూత దగ్గర చూస్తే బాగానే ఉంటుంది మరి. పైగా మడ్డిలో గ్యాస్ కరిగి ఉంటుంది, ఈస్ట్ ఇంకా బతికే ఉంటే కొత్తగా పుడుతూనే ఉంటుంది. మీరు దిగి కాళ్లతో తొక్కి పారతో కలిపేసరికి అదంతా బుడగలై ఒక్కసారి లేస్తుంది. దిగేముందు ఉన్న గాలి వేరు, దిగి పని మొదలుపెట్టాక ఉండే గాలి వేరు.

ఇంకొకటి, చాలామంది దగ్గర ఉండేది ఆక్సిజన్ మీటర్ ఒక్కటే. ట్యాంకులో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ చేరినా ఆక్సిజన్ 20.9 నుంచి 20కి కాస్త దిగువకే వస్తుంది, 19.5 దగ్గర మోగేలా పెట్టిన అలారం మోగనే మోగదు. అందుకే కార్బన్ డయాక్సైడ్‌కి విడిగా సెన్సర్ ఉండాలి. మంటంటుకునే ఆవిర్లకి ఇంకొకటి ఉండాలి. పాడుబడ్డ బావిలోకి దీపం దించి చూసినట్టు ఇక్కడ చేయొద్దు, లోపల ఇథనాల్ ఆవిరి ఉంటే ఆ దీపమే చాలు. గుడ్డ మాస్కు, ఫిల్టర్ మాస్కు ఈ గ్యాస్‌ని ఆపవు.

అమెరికాలో పనిచోటు భద్రతపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లోనే చెప్పింది: ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనట. అది చదివినప్పటి నుంచి నేను మొదటి మనిషికంటే పైన నిలబడే మనిషికే ఎక్కువ చెబుతున్నాను.

కాబట్టి దిగకుండా కడగండి. పొడవాటి పైపుతో ప్రెషర్ నీళ్లు కొట్టి, పలచబడ్డ మడ్డిని పంపుతో లాగేయండి. దిగక తప్పదంటే, ఆ ట్యాంకుకి వచ్చే పైపులు విప్పేయాలి (వాల్వు కట్టాం కదా అనుకోవద్దు, వాల్వులు కారతాయి). స్పార్క్ రాని రకం బ్లోయర్‌తో అడుగు దాకా తాజా గాలి పంపాలి, పని అయ్యేదాకా ఆపకూడదు. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి, మీటర్ మనిషి ఒంటిమీదే ఉండాలి. హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీలు), తాడు, పైకి లాగే ట్రైపాడ్ (మూడుకాళ్ల స్టాండు) బిగించాకే కాలు లోపల పెట్టాలి. పైన ఉండే మనిషికి తాడు తప్ప ఇంకో పని చెప్పొద్దు.

ఉడికించేటప్పుడు, కాచేటప్పుడు

గడ్డిని యాసిడ్‌తోనో 160 నుంచి 200 డిగ్రీల ఆవిరితోనో మెత్తబరిచే పాత్రలో పీచు ఉండకట్టి పైపుకి అడ్డం పడుతుంది. గేజ్ సున్నా చూపిస్తుంది, ఆ ఉండ వెనక మాత్రం ప్రెషర్ అలాగే ఉంటుంది. రెండోచోట కూడా చూసుకోకుండా బోల్టు విప్పొద్దు. పులిసినదాన్ని మరిగించి ఇథనాల్ ఆవిరి పట్టే పాత్ర, అదే కాచే పాత్ర, సంగతీ అంతే, పీచు వడకట్టకుండా పోస్తే ఆవిరి గొట్టం మూసుకుపోయి పాత్ర పేలుతుంది.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

నీళ్లలోకే యాసిడ్ పోయండి, యాసిడ్‌లోకి నీళ్లు పోయొద్దు.

మోపుల్లో తేమ 20 శాతం దాటితే వాము వేయొద్దు. లోపల కుమిలి దానంతటదే అంటుకుంటుంది.

ఇథనాల్ మంట ఎండలో కనపడదు. వేడి తగిలితే అక్కడే ఆగండి, ముందుకు నడవొద్దు.

దాదాపు 13 డిగ్రీలకే అంటుకునే ఆవిరి వస్తుంది. అంటే చల్లగా ఉందన్న ధైర్యం వద్దు.

మంటలార్పే మామూలు ఫోమ్‌ని (నురగని) ఇథనాల్ తినేస్తుంది. ఆల్కహాల్‌ని తట్టుకునే ఫోమే తెచ్చి పెట్టండి.

డ్రమ్ముల్లోకి పోసేటప్పుడు ఎర్త్ వైరు తగిలించండి.

ఖాళీ డ్రమ్ముకి వెల్డింగ్ పెట్టొద్దు.

ఇంధనం కోసం తీసినది తాగొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు.

ట్యాంకు దగ్గర రాత్రిపూట ఒంటరిగా పని చేయొద్దు.

మూతకి తాళం వేయండి. తాళంచెవి ఒక్క మనిషి దగ్గరే ఉండాలి.

దిగొద్దు.

లోపల మనిషి పడిపోయి కనిపిస్తే కేకేయండి, తాడుంటే లాగండి, బ్లోయర్ గాలి పంపండి, ఫైర్ వాళ్లకు ఫోన్ చేసి ట్యాంకులో మనిషి ఉన్నాడని, గాలి సిలిండర్లు తెమ్మని చెప్పండి. వాళ్లు వచ్చేదాకా మీ పక్కనున్నవాళ్లని పట్టుకుని ఆపండి. లోపలున్నది సొంత తమ్ముడైనా సరే, దిగొద్దు.