విశాఖలో ఒక్కరోజే ఉంటే

సోమవారం మాత్రం రావద్దు. ఆర్కే బీచ్‌లోని ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఆ రోజు సెలవు.

తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బరుకు వెళ్లండి. బోట్లు చేరి వేలంపాట సాగేది అప్పుడే, ఎండెక్కితే గంపలు ఖాళీ. నేలంతా నీళ్లు, ఐసు. పట్టున్న చెప్పులు వేసుకోండి. కోనాం చేప కొనేటట్టయితే మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాలి. కండను వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి, పూడకపోతే అది నిన్నటిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం కాబట్టి ఆ రోజుల్లో హార్బరు సందడి చాలా తక్కువ.

కురుసుర 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. పొడవు 91 మీటర్లు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టమే. టార్పెడోల (నీళ్లలో దూసుకెళ్లి ఓడలను పేల్చే ఆయుధాల) దగ్గర కాసేపు నిలబడి చూడండి, అసలు విశేషం అక్కడే ఉంది. దగ్గరలోనే టీయూ-142 అనే నౌకాదళ విమానపు మ్యూజియం.

బీచ్‌లో స్నానానికి దిగొద్దు, దయచేసి. వెనక్కి మళ్లే అల కాళ్లకింది ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లూ కొట్టుకుపోతారు.

సాయంత్రం కైలాసగిరి కొండ మీద రోప్‌వే. సెలవురోజైతే పొద్దు వాలకముందే వరుసలో నిలబడండి.