లైనక్స్ కెర్నెల్‌లో పేజీలు గంపగుత్తగా అడిగే ముందు జాగ్రత్తలు

డ్రైవర్‌లోనో ఫైల్ సిస్టమ్‌లోనో ఒక్కో పేజీ (కెర్నెల్ మెమరీని పంచే చిన్న ముక్క) అడుగుతూ తిరిగే లూప్ కనిపిస్తే, దాన్ని తీసేసి బల్క్ అలొకేటర్‌ను, అంటే ఒకే పిలుపులో చాలా పేజీలు తెచ్చిచ్చే ఫంక్షన్‌ను, ఒక్కసారి పిలవాలనిపిస్తుంది. 2021లో లైనక్స్ 5.13తో వచ్చిన సౌకర్యం ఇది. రాసింది మెల్ గోర్మన్. మొదట్లోనే వాడుకున్నవి నెట్‌వర్క్ డ్రైవర్ల పేజ్ పూల్, ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కు అడుగున ఉండే సన్‌ఆర్‌పీసీ. ప్రతి సీపీయూకీ విడిగా ఉండే పేజీల జాబితా లాక్‌ను పేజీకోసారి కాకుండా విడతకోసారి పట్టుకోవడమే ఇందులో లాభం. మార్పు పది లైన్లకు మించదు. కానీ అందులో తప్పు దొర్లితే టెస్ట్ మెషిన్‌లో కనపడదు, అక్కడ మెమరీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కాబట్టి. సర్వర్‌లో మెమరీ ఇరుకైన రోజున బయటపడుతుంది.

ముందు మీ కెర్నెల్ వెర్షన్ చూసుకోండి. 6.14కి ముందు దీనికి రెండు రూపాలుండేవి: పేజీలను లిస్ట్‌లో ఇచ్చేది ఒకటి, అరేలో ఇచ్చేది ఇంకొకటి. 6.14లో లిస్ట్ రూపాన్ని తీసేశారు. అరే రూపం పేరు చివర ఉన్న 'అరే' అనే ముక్క కూడా పోయి, ఉత్త 'అలాక్ పేజెస్ బల్క్' మిగిలింది. కెర్నెల్ ట్రీ బయట మాడ్యూల్ నడిపేవాళ్లు రెండు పేర్లకూ ఒక చిన్న మాక్రో పెట్టుకుంటే సరిపోతుంది. లిస్ట్ రూపం వాడుతున్న కోడ్ ఉంటే ఇప్పుడే అరేకి మార్చేయండి.

అరేను సున్నాలతో నింపి ఇవ్వడం అన్నిటికన్నా ముఖ్యం. బల్క్ అలొకేటర్ నల్ (ఖాళీ పాయింటర్, అంటే సున్నా) ఉన్న గళ్లనే నింపుతుంది. నల్ కాని గడిలో పేజీ ఉన్నట్టే లెక్కేసుకుని దాటేస్తుంది. మెమరీని శుభ్రం చేయకుండా ఇచ్చే కేమాలాక్‌తో తెచ్చిన అరేలో పాత చెత్త ఉంటే ఆ చెత్తే పేజీ పాయింటర్ అయి కూర్చుంటుంది, ఫంక్షన్ మాత్రం 'అన్నీ ఉన్నాయి' అని పూర్తి సంఖ్య తిరిగి ఇస్తుంది. ఆ తర్వాత క్రాష్ ఎక్కడ అవుతుందో చెప్పలేం. అందుకే సున్నాలతో నింపి ఇచ్చే కేకాలాక్ వాడండి. పెద్ద అరే అయితే, వరస పేజీలు దొరక్కపోయినా పని కానిచ్చే కేవీకాలాక్: 4 కేబీ పేజీల మెషిన్‌లో 16 ఎంబీ కావాలంటే 4096 పాయింటర్లు, అంటే అరే ఒక్కటే 32 కేబీ. అంతకు మించితే వరసగా ఉన్న పేజీల కోసం కేకాలాక్ తంటాలు పడాల్సి వస్తుంది. అదే అరేను మళ్లీ మళ్లీ వాడుతుంటే, పేజీని వదిలిన ప్రతిచోటా ఆ గడిలో నల్ పెట్టడం మరవకండి.

తిరిగొచ్చే సంఖ్య దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. అది ఈ పిలుపులో కొత్తగా దొరికిన పేజీల లెక్క కాదు. అరేలో ముందునుంచీ ఉన్నవాటిని కూడా కలుపుకున్న లెక్క. కెర్నెల్‌లోనే ఈ గందరగోళం నడిచింది: ఈ ఫంక్షన్ కొన్ని దారుల్లో ఒకటి, కొన్ని దారుల్లో మరొకటి తిరిగి ఇస్తుంటే, 2021లోనే సరిచేయాల్సి వచ్చింది. 'వచ్చినదాన్ని పాత లెక్కకు కలుపు' అని రాస్తే రెండో చుట్టులోనే అరే దాటిపోతారు. కలపకండి, ఆ సంఖ్యనే కొత్త లెక్కగా పెట్టుకోండి.

ఇంకో మెలిక. 8 గళ్ల అరే అనుకోండి. 0, 1, 2 గళ్లలో పేజీలున్నాయి, 3 ఖాళీ, 4లో పేజీ ఉంది, 5, 6, 7 ఖాళీ. మెమరీ ఇరుకుగా ఉంది. పిలిస్తే 3వ గడి ఒక్కటే నిండి 4 అని జవాబొస్తుంది. నిజానికి అరేలో ఉన్నవి 5 పేజీలు. ఎర్రర్ దారిలో 0 నుంచి 3 దాకా మాత్రమే వదిలేస్తే 4వ గడిలోని పేజీ లీక్ అయినట్టే. కాబట్టి అరేలో మధ్యలో కంతలు లేకుండా చూసుకోండి, అలా కుదరకపోతే వదిలేటప్పుడు అరే మొత్తం తిరిగి నల్ కాని ప్రతి గడినీ వదలండి. కేమాలాక్ మెమరీని వదిలే కేఫ్రీ నల్‌ను సహిస్తుంది. పేజీలను వదిలే ఫంక్షన్లు సహించవు.

అడిగినన్నీ రావు, రాకపోవడం మామూలే అనుకుని రాయండి. బల్క్ దారి రీక్లెయిమ్ (వాడకంలో ఉన్న పేజీలను ఖాళీ చేయించడం) జోలికి పోదు. జోన్‌లో (మెమరీలో ఒక భాగం) వాటర్‌మార్క్ మీద, అంటే ఖాళీగా ఉంచాల్సిన కనీస మట్టం మీద, మీరడిగినన్ని పేజీలు అదనంగా ఉంటేనే ముందుకెళ్తుంది. లేకపోతే మామూలు అలొకేటర్‌తో ఒక్క పేజీ తెచ్చి ఇచ్చి ఊరుకుంటుంది. 256 అడిగితే 1 రావడం ఫెయిల్యూర్ కాదు. ముందుకు కదిలినంత కాలం మళ్లీ పిలవండి. లెక్క కిందటిసారి ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంటేనే ఆగి ఆలోచించండి. ఆ ఆగే చోట ఏం చేయాలన్నది మీ పనిని బట్టి ఉంటుంది: బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ తెచ్చినవన్నీ వదిలి మెమరీ లేదన్న ఎర్రర్ ఇస్తుంది, సన్‌ఆర్‌పీసీ కాసేపు నిద్రపోయి మళ్లీ అడుగుతుంది. నిద్రపోయే పద్ధతి ఎంచుకుంటే, థ్రెడ్‌ను ఆపమన్నారా అని ప్రతి చుట్టులో చూడాలి. లేకపోతే మాడ్యూల్ తీసేటప్పుడు మెషిన్ బిగుసుకుంటుంది. నోఫెయిల్ ఫ్లాగ్ (ఫెయిల్ కాకూడదని చెప్పేది) పెట్టి 'అన్నీ వచ్చి తీరతాయి' అనుకోవద్దు. వరస అడ్రసులతో మెమరీ ఇచ్చే వీమాలాక్ కూడా కొన్ని వెర్షన్లలో బల్క్‌కి వెళ్లేముందు ఆ ఫ్లాగ్ తీసేసేది.

ఒక పిలుపుకు ఎన్ని అడగాలి? వీమాలాక్ 100 దాటనివ్వదు, ప్రీఎంప్షన్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి వేరేదానికి సీపీయూ ఇవ్వడం) ఎక్కువసేపు ఆగిపోకూడదని. పేజ్ పూల్ విడతకు 64 తెచ్చుకుంటుంది. ప్రాక్ జోన్‌ఇన్ఫో ఫైల్ తెరిస్తే, పెద్ద జోన్లలో సీపీయూ జాబితాకు బ్యాచ్ 63 అని సాధారణంగా కనిపిస్తుంది. అంతకన్నా చాలా ఎక్కువ అడిగితే ఎలాగూ జోన్ లాక్ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాల్సిందే. మా సలహా 64 నుంచి 100 మధ్య. విడతకూ విడతకూ మధ్య, నిద్రపోవడానికి వీలున్న చోటైతే, షెడ్యూలర్‌కు అవకాశం ఇవ్వండి.

నిద్ర అంటే ఫ్లాగుల మాట. జీఎఫ్‌పీ కెర్నెల్ (నిద్రపోవచ్చని చెప్పే ఫ్లాగ్) పెట్టి, నిద్రపోకూడని స్పిన్‌లాక్ లోపల పిలవకూడదన్నది తెలిసిందే, కానీ బల్క్‌తో మోసపోవడం తేలిక. వేగంగా నడిచే దారిలో అది నిద్రపోదు, ఒక్క పేజీ దారికి మళ్లినప్పుడే పోతుంది. అటామిక్ స్లీప్ డీబగ్ ఆప్షన్ ఆన్ చేసిన కెర్నెల్‌లో ఒకసారి నడిపితే ముందే అరుస్తుంది. ఫైల్ సిస్టమ్ లాకులు పట్టుకుని ఉంటే, ఫైల్ సిస్టమ్‌లోకి మళ్లీ వెళ్లొద్దని చెప్పే నోఎఫ్‌ఎస్ ఫ్లాగ్ వాడండి.

లాభం గుట్టుగా మాయమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మెమరీ సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపు వాడే మెమరీని లెక్కగట్టేది) ఖాతాలో వేయమని అకౌంట్ ఫ్లాగ్ పెడితే బల్క్ దారి మూతపడుతుంది, పిలుపుకు ఒక్క పేజీయే వస్తుంది. లూప్ సరిగ్గా రాసి ఉంటే పని నడుస్తుంది, వేగం మాత్రం పెరగదు. పేజ్ ఓనర్ (ఏ పేజీని ఎవరు తీసుకున్నారో నమోదు చేసే సౌకర్యం) ఆన్ చేసి బూట్ చేసినా అదే కథ. కనుక లీకులు వెతకడానికి దాన్ని వాడండి, వేగం కొలిచేటప్పుడు తీసేయండి. రెండు మూడు నోడ్లున్న న్యూమా మెషిన్‌లో (ఒక్కో సీపీయూ గుంపుకు దగ్గరి మెమరీ విడిగా ఉండేది) మామూలు రూపం మీ సీపీయూ దగ్గరి నోడ్ నుంచే తెస్తుంది, ప్రాసెస్ మెమరీ పాలసీని పట్టించుకోదు. పాలసీ కావాలంటే మెంపాలసీ రూపం, ఫలానా నోడ్ కావాలంటే నోడ్ రూపం పిలవాలి.

ఒక్క విడతలో వచ్చినంత మాత్రాన పేజీలు భౌతికంగా పక్కపక్కన ఉండవు. అన్నీ ఆర్డర్ 0 పేజీలే, అంటే విడివిడి ఒంటరి పేజీలు. డీఎంఏకి (పరికరం నేరుగా మెమరీని వాడుకోవడం) స్కాటర్‌లిస్ట్, అంటే విడి ముక్కల జాబితా, కట్టండి; వరస అడ్రసులు కావాలంటే వీమ్యాప్ చేయండి. సున్నా చేసిన పేజీలు కావాలంటే జీరో ఫ్లాగ్ మీరే పెట్టాలి. యూజర్‌స్పేస్‌కు మ్యాప్ చేసే పేజీలకు అది మరిస్తే పాత డేటా బయటికి పోతుంది.

చివరగా టెస్ట్. కెర్నెల్‌లోని ఫాల్ట్ ఇంజెక్షన్ పేజీ అలొకేషన్లను కావాలని ఫెయిల్ చేస్తుంది, కానీ డిఫాల్ట్‌గా వదిలేస్తే మీ కోడ్‌ను తాకనే తాకదు. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ డీబగ్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోటు) దాని కనీస ఆర్డర్ 1 అని ఉంటుంది, 0 చేయండి. నిద్రపోగల అలొకేషన్లను వదిలేసే ఆప్షన్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, ఆఫ్ చేయండి. ఎన్నిసార్లు అన్నచోట 1 ఉంటుంది, -1 పెట్టండి. సంభావ్యత 10 శాతంతో మొదలుపెట్టండి. టాస్క్ ఫిల్టర్ ఆన్ చేసి మీ టెస్ట్ ప్రాసెస్‌ను మాత్రమే గుర్తించండి, లేకపోతే లాగిన్ షెల్ కూడా పోతుంది. ఇది 'లెక్క కదలలేదు' అన్న దారిని పరీక్షిస్తుంది. 'కొన్నే వచ్చాయి' అన్న దారికి ఇది చాలదు. దానికి మీ కోడ్‌లో బల్క్ చుట్టూ ఒక రేపర్ రాసి, డీబగ్ బిల్డ్‌లో అడిగిన గళ్లలో మొదటి 3 ఖాళీలే నింపేలా పెట్టండి. కెర్నెల్‌లో లీకులు వెతికే కేమెమ్‌లీక్ మీద ఆధారపడకండి, అది పేజీ అలొకేషన్లను చూడదు. రేపర్‌తో మాడ్యూల్‌ను వెయ్యిసార్లు ఎక్కించి దింపి, ముందూ వెనకా ఫ్రీ మెమరీని పోల్చండి. ప్రతి చుట్టుకూ అంతే పరిమాణం తగ్గుతూ పోతే, ముందు ఎర్రర్ దారిలో గళ్లను వదిలే లూప్ ఎక్కడ ఆగుతోందో చూడండి.