నల్ల కారు కడగడం, పాలిష్ పట్టడం: గోదావరి డెల్టాలో ఉండేవాళ్ల కోసం

నల్ల కారుని పాడుచేసేది దుమ్ము కాదండీ, ఆ దుమ్ముని పొడిగుడ్డతో తుడిచే అలవాటు. పొద్దున్నే పాత బనీను తీసుకుని బానెట్ మీద గుండ్రంగా రుద్దేస్తారు చూడండి, ఎండలో పెడితే కనపడే సన్న గీతలు చాలావరకు అలా పడ్డవే. తెల్ల కారు మీదా పడతాయి, కానీ అంతగా బయటపడవు.

మన దగ్గర ఇది ఇంకా ఎక్కువ. తణుకు, మండపేట వైపు రైస్ మిల్లుల దగ్గర ఉంటే కారు మీద ఊకబూడిద పడుతూనే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. వేళ్ల మధ్య మెత్తగా అనిపిస్తుంది గానీ పెయింట్ మీద రుద్దితే గీసేస్తుంది. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు లేచే ధాన్యం నుసి కూడా అంతే. కడగడానికి టైమ్ లేకపోతే ఆ దుమ్ముతోనే తిప్పండి, పర్లేదు, పొడిగా మాత్రం తుడవకండి.

కడిగేటప్పుడు కారు నీడలో ఉండాలి, బానెట్ చల్లారి ఉండాలి. ముందు గుడ్డ తగలకుండా పైనుంచి కిందకి ఒట్టి నీళ్లు బాగా కొట్టండి. మట్టి చాలావరకు ఇక్కడే పోవాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఒట్టి నీళ్లు. ఒక డోర్ అయ్యాక గుడ్డని ఒట్టి నీళ్లలో జాడించి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచాలి. చెయ్యి నిలువుగానో అడ్డంగానో పోవాలి గానీ గుండ్రంగా తిప్పొద్దు. సర్ఫు, గిన్నెల సబ్బు వాడితే మీరు పట్టించిన వ్యాక్స్ (మైనం పూత) పోతుంది. చక్రాలు ఆఖర్న, వేరే గుడ్డతో.

అసలు టెన్షన్ నీళ్లతోనే. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అవి కారు మీదే ఆరిపోతే తెల్లటి మచ్చలు కడతాయి, ఎండ తగిలితే గట్టిపడి, రంగు మీదుండే అద్దంలాంటి పై పొర, అంటే క్లియర్ కోట్‌లోకి దిగిపోతాయి. మీ ఇంట్లో స్టీలు గిన్నెల మీద తెల్లచారలు పడుతుంటే కారు మీదా పడతాయి. బోరుతోనే కడగండి, చివరి చుట్టు మాత్రం ఆర్‌ఓ నీళ్లో, పట్టి ఉంచుకున్న వాననీళ్లో పొయ్యండి. 20 లీటర్ల క్యాను ఒకటి సరిపోతుంది. కాలవ నీళ్లలో ఒండ్రు ఉంటుంది కాబట్టి తేరుకోకుండా వాడొద్దు. చివరి నీళ్లు పోసిన వెంటనే పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి, నొక్కకుండా మెల్లగా లాగితే నీళ్లు పీల్చేసుకుంటుంది.

ఇప్పటికే మచ్చలుంటే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డ తడిపి ఒకటి రెండు నిమిషాలు ఆనించి, బాగా కడిగెయ్యండి. పోకపోతే పాలిషే గతి. పిట్టల రెట్ట, రాత్రిపూట చేల పక్క రోడ్లలో కొట్టుకునే పురుగులు మర్నాటిదాకా ఉంచొద్దు. తడిగుడ్డ వేసి నానబెట్టి తియ్యండి, గోకొద్దు.

పాలిష్ అంటే క్లియర్ కోట్‌ని కొంచెం కొంచెంగా అరగదియ్యడమే. ఆ పొర మామూలుగా 40–50 మైక్రాన్లే ఉంటుంది, అందుకే సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా "రబ్బింగ్ కొట్టమంటారా" అంటే వద్దనండి. గట్టి కాంపౌండ్ వేసి గిర్రున తిరిగే రోటరీ మెషీన్‌తో తొందరగా కానిచ్చేస్తే నల్ల కారు మీద కొత్తగా మెలికల చారలు వస్తాయి. నిజంగా అవసరమైతే ముందు క్లే బార్ అనే మెత్తటి బంకముద్ద‌తో పెయింట్‌కి అంటుకున్న గరుకు తీయించి, డ్యూయల్ యాక్షన్ మెషీన్ (తిరుగుతూ అటూ ఇటూ ఊగేది), మెత్తటి ఫోమ్ ప్యాడ్, అన్నిటికంటే తేలిక పాలిష్‌తో ఒక మూల చేయించి చూడండి. నచ్చితేనే మిగతాది. గోరు తగులుకునేంత లోతు గీత పాలిష్‌తో పోదు.

ఇక రక్షణ. కార్నౌబా వ్యాక్స్ మంచి మెరుపు ఇస్తుంది గానీ మన ఎండకి, వానకి కొన్ని వారాలే నిలుస్తుంది. సీలెంట్, అంటే వ్యాక్స్ లాగే పట్టించే సింథటిక్ పూత, కొన్ని నెలలు ఉంటుంది. నా మటుకు నేను చాలామందికి ఇదే చెప్తాను. సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద గట్టిపడే ద్రవపు పూత) ఏళ్లు వస్తుంది, కానీ గీతలు పడవనీ, నీటిమచ్చలు రావనీ చెప్తే నమ్మొద్దు. అది వేసేముందు పాలిష్ సరిగ్గా చెయ్యకపోతే పాత గీతలు దానికింద అలాగే ఉండిపోతాయి. కవర్ వేస్తే కడిగి ఆరిన కారుకే వెయ్యండి. దుమ్ము మీద వేస్తే గాలికి అదే రుద్దుకుంటుంది.

గుడ్డల్ని ఇంట్లో బట్టలతో కలిపి ఉతక్కండి, కంఫర్ట్ లాంటివి కలపకండి. తుడుస్తూ ఉండగా గుడ్డ కిందపడిందా, దులిపి వాడొద్దు, పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి.