చిన్నపిల్లల గదిలో కొరుకుడు – 2వ పాఠం: కొరకడానికి ముందు నిమిషం

పోయిన పాఠంలో, మనం చూసుకునే పిల్లల్లో ఒకరు ఇంకొకరిని కొరికాక ఏం చేయాలో చూశాం. ముందు కొరుకుడు పడ్డ బిడ్డ దగ్గరికి వెళ్లడం, సబ్బు నీళ్లతో కడగడం, చర్మం తెగితే డాక్టరుకు చూపించడం. ఈసారి అసలు అక్కడిదాకా రాకుండా ఎలా ఆపాలో చూద్దాం.

ఏడాది నుంచి మూడేళ్లలోపు పిల్లలు కొరకడం మామూలే, అందులో పొగరూ లేదు, పెంపకం లోపమూ లేదు. బొమ్మ లాక్కుంటే "నాది, ఇచ్చెయ్" అనడానికి మాటలు ఇంకా రావు. పైగా ఏడాది దాటాక మొదలయ్యే దవడపళ్లు రెండున్నరేళ్ల దాకా వస్తూనే ఉంటాయి, చిగుళ్లు సలుపుతుంటాయి. దానికి ఆకలి, నిద్ర, ఇరుకు తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

ఈ వారం మీ పని చూడటం, రాయడం. గోడకు ఒక చిన్న నోట్‌బుక్ వేలాడదీసి దానికే పెన్ను కట్టండి. కొరికినప్పుడే కాదు, కొరకబోయి ఆగినప్పుడు కూడా రాయాలి: టైమ్ ఎంత, గదిలో ఎక్కడ, పక్కన ఎవరు, ఏ వస్తువు కోసం, అంతకుముందు నిమిషంలో ఏం జరుగుతోంది. అందరూ వదిలేసేది ఈ చివరిదే, కానీ అసలు విషయం అందులోనే ఉంటుంది. "బాబు కొరికాడు" అని రాస్తే ఏమీ తెలియదు. "11:40, చేతులు కడుక్కునే లైన్, వెనకున్న పాప తోసింది, అన్నం ఇంకా పెట్టలేదు" అని రాస్తే ఏం మార్చాలో మీకే తెలిసిపోతుంది: అందరినీ ఒకేసారి లైన్లో నిలబెట్టకుండా ఇద్దరిద్దరిని పంపి, మిగతావాళ్లతో పాట పాడించమని ఆయాకు చెప్పవచ్చు.

గొడవ బొమ్మల దగ్గరైతే, పంచుకోమని చెప్పడం ఈ వయసుకు పెద్దగా పనిచేయదు. ఒకే రకం బొమ్మలు రెండు మూడు పెట్టండి, కొనలేకపోతే స్టీలు గిన్నెలైనా చాలు. చిగుళ్ల బాధ అనిపిస్తే శుభ్రంగా ఉతికిన చల్లని తడిబట్ట నమలడానికి ఇవ్వండి, ఎవరిది వాళ్లకే.

తరచుగా కొరికే బిడ్డకు చేయి చాచితే అందేంత దూరంలో ఒకరు ఉండాలి. దవడ బిగించడం, ముఖం బాగా దగ్గరికి తేవడం కనిపించగానే అరవకుండా మధ్యలో చేయి అడ్డం పెట్టి, కింద కూర్చుని, ఆ బిడ్డ అనాల్సిన మాట మీరే అనండి. "నాది అను." "వద్దు అను." మాట రాకపోతే చెయ్యి చాచి ఆపే సైగ నేర్పండి, అది రోజూ మామూలు ఆటలో నేర్పితేనే గొడవలో గుర్తొస్తుంది.

కొరికిన బిడ్డను మీరూ తిరిగి కొరికితే నొప్పి తెలుస్తుందనీ, నోట్లో కారం పెట్టమనీ సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. రెండూ చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. పెద్దవాళ్లే కొరికి చూపిస్తే బిడ్డ నేర్చుకునేది కొరకడమే.

వారం అయ్యాక పేజీలన్నీ ముందేసుకుని ఏ టైమ్, ఏ చోటు మళ్లీ మళ్లీ వస్తోందో చూసి దాని కింద గీత గీయండి. ఒక్క మార్పే చేసి ఇంకో వారం రాయండి, ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. వచ్చే పాఠంలో, సాయంత్రం బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మ "ఎవరు కొరికారు?" అని అడిగితే పేరు బయటపెట్టకుండా ఏం చెప్పాలో చూద్దాం.