చంటిపిల్లలతో విమాన ప్రయాణం: ఏ పని ఎప్పుడు చేయాలి

విమానంలో చంటిబిడ్డలు గుక్కపట్టి ఏడ్చేది ఎక్కువగా పైకి లేచేటప్పుడు కాదు, కిందికి దిగేటప్పుడు. చాలామంది దీన్ని తిరగేసి పట్టుకుంటారు. విమానం కదిలిందో లేదో పాలసీసా నోట్లో పెట్టేస్తారు. రన్‌వే దగ్గర వరసలో ఇరవై నిమిషాలు ఆగేసరికి సీసా ఖాళీ, బిడ్డ కడుపు నిండు. తీరా అవసరమైన వేళకు పాలూ ఉండవు, ఆకలీ ఉండదు.

పైన ఎగురుతున్నంతసేపూ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుగా ఉంటుంది. దిగుతున్నకొద్దీ అది పెరుగుతుంది. చెవి లోపలి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. అది తెరుచుకుంటేనే కర్ణభేరికి రెండువైపులా ఒత్తిడి సమానమవుతుంది. పైకి వెళ్లేటప్పుడు లోపలి గాలి తనే తోసుకుని బయటికి వచ్చేస్తుంది. దిగేటప్పుడు అలా కాదు, గుటక పడితే తప్ప గొట్టం తెరుచుకోదు. పసివాళ్లకు ఆ గొట్టం మరీ సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే మనకు చెవులు దిబ్బళ్లు పడి ఊరుకునే చోట వాళ్లకు నొప్పి పుడుతుంది.

నేలను తాకడానికి దాదాపు అరగంట ముందే దిగడం మొదలవుతుంది. ఇంజన్ల హోరు తగ్గడం, విమానం ముక్కు కాస్త కిందికి వాలడం దానికి గుర్తు. ఎందుకైనా మంచిది, సిబ్బందిని ముందే అడిగి పెట్టుకోండి. అప్పటి నుంచి పాలు ఒకేసారి పట్టేయకుండా నాలుగు గుక్కలు, కాస్త విరామం, మళ్లీ నాలుగు గుక్కలుగా నేల తాకేదాకా సాగదీయాలి. తల్లిపాలైనా, సీసా అయినా, ఉత్త పీక అయినా ఫలితం ఒకటే. కొంచెం పెద్ద పిల్లలకు స్ట్రాతో నీళ్లు చాలు. గట్టి చాక్లెట్లు, చూయింగ్ గమ్ నాలుగేళ్ల లోపు వాళ్లకు ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. నిద్రలో గుటకలు తగ్గుతాయి కాబట్టి జలుబు చేసిన బిడ్డను దిగడం మొదలవగానే లేపడమే మేలు. హాయిగా ఉన్న బిడ్డ నిద్రపోతుంటే కదిలించకండి. చెవిపోటు, చెవిలో చీము ఉంటే మాత్రం ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించాలి.

ఇదే గాలి ఒత్తిడి పాలసీసాతోనూ ఆటలాడుతుంది. నేల మీద బిగించిన సీసాలో చిక్కుకున్న గాలి పైకి వెళ్లాక వ్యాకోచిస్తుంది. అప్పుడు మూత తీస్తే పీక రంధ్రంలోంచి పాలు సన్నటి ధారగా చిమ్ముతాయి. స్ట్రా ఉన్న కప్పయితే ఇంకా ఘోరం: మడిచిన స్ట్రా లేపీ లేపగానే లోపలి నీళ్లు ముందు సీటు దాకా ఎగురుతాయి. సగం నిండిన సీసాలో గాలి ఎక్కువ కాబట్టి చిమ్మడమూ ఎక్కువే. సీసాను నిటారుగా పట్టుకుని, పైన గుడ్డ కప్పి, మరను పావు చుట్టు వదులు చేసి, ఆ ‘స్‌స్‌’ ఆగాక మళ్లీ బిగించండి. తర్వాతే బిడ్డకు ఇవ్వండి.

పొడిపాలు వాడేవాళ్లు ఒక్కో పూటకు సరిపడా పొడిని తడి లేని సీసాల్లోనే కొలిచి పెట్టుకుంటే నడిమి సీటులో చెంచాలు లెక్కపెట్టే పని తప్పుతుంది. సిబ్బంది ఇచ్చే వేడినీళ్లు టీ కాచే నీళ్లు, చేయి కాలుతుంది. కప్పు సగమే పోయమని అడగండి, బిడ్డ మీదుగా అందుకోకండి. కలిపిన పాలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. బిడ్డ నోరు పెట్టిన సీసా గంటలోపు అయిపోకపోతే పారబోయాల్సిందే, ఎంత మిగిలినా సరే.

ఇక టికెట్టు. రెండేళ్ల లోపు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొచ్చు, కానీ బుకింగ్‌లో పేరు ఉండాల్సిందే. వెళ్లేటప్పుడు 23 నెలలు ఉండి తిరిగొచ్చే నాటికి రెండేళ్లు నిండితే, తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. విమానాశ్రయంలో గొడవలయ్యేది ఇక్కడే. వయసు అడుగుతారు కాబట్టి పుట్టిన తేదీ పత్రం చేతిలో ఉంచుకోండి. దేశం దాటితే పసికందుకైనా సొంత పాస్‌పోర్టు కావాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరే తీసుకెళ్తుంటే, రెండోవారి అంగీకార పత్రం కొన్ని దేశాల్లో అడుగుతారు. పుట్టిన కొద్ది రోజుల బిడ్డను ఎక్కించుకోవడానికి ఒక్కో సంస్థది ఒక్కో నియమం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే డాక్టరు మాటే ఆఖరు.

ఒక పెద్దవారి ఒళ్లో ఒకే బిడ్డ. ఒక వరసలో ఆక్సిజన్ మాస్కులు సీట్ల కంటే ఒకటో రెండో మాత్రమే ఎక్కువ ఉంటాయి కాబట్టి, చంటిబిడ్డలున్న రెండు కుటుంబాలను ఒకే వరసలో కూర్చోనివ్వకపోవచ్చు. మాస్కులు పడితే ముందు మీరు పెట్టుకోవాలి. 35,000 అడుగుల ఎత్తులో ఆక్సిజన్ లేకుండా తెలివి నిలిచేది అర నిమిషం నుంచి ఒక నిమిషం. మీరు సొమ్మసిల్లితే బిడ్డకు పెట్టేవారుండరు.

నిజం చెప్పాలంటే, స్తోమత ఉంటే బిడ్డకు విడిగా సీటు కొని, విమానాల్లో వాడొచ్చని ముద్ర ఉన్న పిల్లల కారు సీటును (కారులో బిడ్డను కూర్చోబెట్టి పట్టీలతో కట్టేది) అందులో కట్టడమే అన్నిటికన్నా భద్రం. కుదుపుల్లో చేతులు పట్టు నిలుపుకోలేవు. కారు సీటు కిటికీ పక్కనే పెట్టాలి, అత్యవసర ద్వారం వరసల్లో కుదరదు. 10 నుంచి 20 కిలోల పిల్లలకు సీటు వీపుకు తగిలించే ‘కేర్స్’ అనే పట్టీల కట్టు ఉంది, సంచిలో పట్టేస్తుంది. ఒళ్లో బిడ్డకు మీ బెల్టులోంచి దూర్చే చిన్న బెల్టు చాలాచోట్ల ఇస్తారు. అమెరికా నియమాలు మాత్రం దాన్ని ఒప్పుకోవు. మీ బెల్టు కిందికి బిడ్డను దూర్చి బిగించడం ఎక్కడైనా ప్రమాదమే: ఒక్క కుదుపుకు మీ బరువంతా బిడ్డ పొట్ట మీదే పడుతుంది.

బాసినెట్ (గోడకు తగిలించే చిన్న పడక తొట్టి) కావాలంటే బుకింగ్ అయిన రోజే అడగండి. ఎదురుగా గోడ ఉన్న వరసల్లోనే అది తగులుతుంది, ఉండేవి కొన్నే. బరువు హద్దు చాలా సంస్థల్లో పది కిలోల అటూ ఇటూ. ఇందులో ఒక తిరకాసు ఉంది: సీటు బెల్టు దీపం వెలిగినప్పుడల్లా నిద్రపోయే బిడ్డను తీసి ఒళ్లో పెట్టుకోవాలి. పైగా ఆ వరసలో ముందు సీటు ఉండదు కాబట్టి, లేచేటప్పుడూ దిగేటప్పుడూ సంచులన్నీ పైఅరలోకే వెళ్లాలి. ఒక డైపరు, చిన్న వైప్స్ పొట్లం, పీక మీ జేబులోనో నడుముకో ఉంచుకోండి.

భద్రతా తనిఖీలో ద్రవాలకు పెట్టే 100 మిల్లీలీటర్ల హద్దు బిడ్డ పాలకూ ఆహారానికీ సాధారణంగా వర్తించదు. అడిగేదాకా ఆగకుండా మీరే బయటికి తీసి చూపించండి. స్ట్రోలర్ మడిచి యంత్రంలోకి పంపాలి, కింది బుట్ట ముందే ఖాళీ చేసుకోవాలి.

డైపర్లు గంటకొకటి లెక్కన, అదనంగా మూడు. చివరిసారి మార్చేది ఎక్కడానికి పావుగంట ముందు. మార్చే బల్ల అన్ని టాయిలెట్లలోనూ ఉండదు, కూర్చోగానే ఎక్కడుందో అడగండి. బిడ్డకు రెండు జతల బట్టలు అందరూ పెట్టుకుంటారు. వాంతి పడేది మీ చొక్కా మీద కాబట్టి మీకూ ఒకటి కావాలి.

పిల్లలున్నవాళ్లను ముందుగా పిలుస్తారు. ఇద్దరు పెద్దలుంటే ఒకరే సామానుతో వెళ్లి సర్దాలి, రెండోవారు చివరిదాకా బయట బిడ్డను పరుగెత్తించాలి. నడిచే పిల్లను ఇరుకు సీటులో అదనంగా నలభై నిమిషాలు కట్టేసి సాధించేదేమీ లేదు. నడవా పక్క సీటు కూడా వద్దు: ట్రాలీకి చేతులు తగులుతాయి, వేడి కప్పులు తల మీదుగా వెళ్తాయి. రెండు మూడేళ్ల పిల్లల మోకాళ్లు సీటు అంచు దాకా రావు, కాళ్లు తిన్నగా ముందుకే ఉంటాయి. అందుకే ముందు సీటుకు తన్నులు. బూట్లు విప్పేస్తే సగం గొడవ పోతుంది.

నిద్రపుచ్చడానికి అలర్జీ మందులు ఇవ్వొద్దు. కొందరు పిల్లలు వాటితో నిద్రపోకపోగా రెట్టింపు రెచ్చిపోతారు.

స్ట్రోలర్‌ను విమానం గుమ్మం దగ్గర అప్పగించేటప్పుడు ట్యాగు వేయించి, దిగాక గుమ్మం దగ్గరే ఇస్తారా, సామాను బెల్టు మీదికి వస్తుందా అని అడగండి. బెల్టు మీదికైతే బిడ్డను కట్టుకునే క్యారియర్‌ను పైఅరలో అన్నిటికంటే పైన పెట్టుకోండి, చేయి పెట్టగానే అందాలి.