పాత ఫైర్ స్టేషన్ ఎప్పుడు కట్టారో, ఎన్నిసార్లు మార్చారో కనిపెట్టడం ఎలా

శిలాఫలకం మీది తేదీతో మొదలుపెట్టకండి. అది శంకుస్థాపనదో, ప్రారంభోత్సవానిదో, పాత భవనం నుంచి పీకి తెచ్చి అతికించిందో చూడగానే తెలియదు. ఫైర్ స్టేషన్‌లో గట్టి సాక్ష్యం బండ్లు బయటికొచ్చే గుమ్మం దగ్గరే దొరుకుతుంది. బండి మారినప్పుడల్లా ముందు పగలగొట్టేది దాన్నే.

30 మీటర్ల టేపు, టార్చి, చిన్న అయస్కాంతం, కెమెరా చాలు. స్టేషన్ ఇంకా పనిచేస్తుంటే ముందుగా అధికారి అనుమతి తీసుకోండి. గుమ్మానికి అడ్డంగా టేపు లాగి వదిలేయకండి, గంట మోగితే గోడవారకు తప్పుకోండి.

గుమ్మం వెడల్పును కింద, మధ్యలో, పైన మూడుచోట్ల కొలవండి. గుర్రపు బండ్ల నాటివి ఎక్కువగా 9, 10 అడుగుల వెడల్పుతో, పైన కమానుతో ఉంటాయి. ఇప్పటి భారీ ఫైరింజన్లకు 14 అడుగుల వెడల్పు, అంతే ఎత్తు పెట్టడం మామూలు. వెడల్పు చేసినప్పుడు కమాను తీసి ఇనుప గడ్డర్ వేస్తారు. ప్లాస్టరు కింద గడ్డర్ ఉందేమో అయస్కాంతంతో పట్టవచ్చు, ప్లాస్టరు మందంగా ఉంటే మాత్రం అంటుకోదు. గుమ్మం అంచు ఇటుకలూ చూడండి: మొదట కట్టినప్పటివైతే అంచు నున్నగా ఉంటుంది, తర్వాత కోసినవైతే గరుకుగా, సగం ముక్కలుగా కనిపిస్తాయి.

ముందుగోడ మొత్తం నేరుగా పడేలా ఒక ఫొటో తీసి, మేడ మీది ఒక్కో కిటికీ నడిమి నుంచి కిందికి నిలువు గీత గీయండి. కింద గుమ్మాలు మార్చినా పై కిటికీల జోలికి వెళ్లరు, ఖర్చు దండగ కదా. మూడు గీతలకు కింద రెండే గుమ్మాలుంటే, మధ్య స్తంభాన్ని ఎప్పుడో తీసేశారని అనుమానించవచ్చు.

అందరూ బోల్తా పడేది సున్నం దగ్గర. తాళంచెవితో గీస్తే రాలేది సున్నం, గీత పడనిది సిమెంటు అనుకుని గోడ కొత్తదని రాసేస్తారు. పాత సున్నపు గోడకే పైపైన సిమెంటు పాయింటింగ్ (ఇటుకల సందులు పూడ్చడం) చేసి ఉండొచ్చు. ఇప్పటికే ఊడిన సందులో రెండు మూడు సెంటీమీటర్ల లోపలికి టార్చి వేసి చూశాకే తేల్చండి. గోడలోని చెమ్మ సున్నం గుండా బయటికి పోతుంది, గట్టి సిమెంటు దాన్ని ఆపేస్తుంది. అప్పుడు ఇటుకల ముఖాలే పెచ్చులూడతాయి. పెచ్చులూడిన ఇటుక, చెక్కుచెదరని సిమెంటు గీత పక్కపక్కన కనిపిస్తే పాయింటింగ్ తర్వాత చేసిందని అర్థం.

లోపల కాలువకు వాలుగా ఉన్న గచ్చు, గోడకు ఇనుప కడియాలు, ఎత్తున చిన్న కిటికీలు, అటక బయట కప్పిని (గిలకను) వేలాడదీసే దూలం కలిసి కనిపిస్తే అది గుర్రపుశాల. లండన్‌లో చివరి గుర్రాలు 1921లో, న్యూయార్క్‌లో 1922లో విరమించాయి. చిన్న ఊళ్ల లెక్కలు వేరు. నేలమాళిగ ఉంటే తప్పక దిగండి. ఆవిరి ఫైరింజన్ నిలబడే చోటికి వేడినీళ్లు పంపిన పైపుల మొండి ముక్కలు పైకప్పులో మిగిలి ఉండొచ్చు. బాయిలర్ నీళ్లు ఎప్పుడూ వేడిగా ఉంచితేనే ఆవిరి త్వరగా అందేది. దూలాల కింద తర్వాత నిలిపిన ఉక్కు స్తంభాలుంటే, మోటారు బండి బరువుకు పాత నేల చాలలేదన్నమాట.

గుర్రాలు మేడెక్కకుండా చుట్టు మెట్లు కట్టారని తరచూ చెబుతారు. చోటు కలిసొస్తుందనీ కడతారు, దాన్నిబట్టి కాలం నిర్ణయించకండి. సిబ్బంది మేడ మీది నుంచి కిందికి జారి దిగే జారుడు స్తంభం అంతకంటే నయం: అది 1878లో చికాగోలో డేవిడ్ కెన్యన్ ఆలోచన. అంతకంటే పాత భవనంలో ఉంటే తర్వాత పెట్టిందే, రంధ్రం దగ్గర కోసిన దూలాలు చూడండి.

గోపురం గంటకు కట్టిందా, మంటలార్పే నీటి పైపులు ఆరేయడానికా? కాన్వాస్ పైపు తడిగా చుట్టిపెడితే బూజుపట్టి కుళ్లుతుంది. 50 అడుగుల పైపును మధ్యకు మడిచి వేలాడదీయాలన్నా 25 అడుగుల పైచిలుకు ఎత్తు కావాలి. పైన కొక్కేలు, కింద నీళ్లు పోయే కాలువ ఉంటే పైపులకే. సింథటిక్ పైపులు వచ్చాక చాలాచోట్ల గోపురాన్ని పొట్టి చేశారు.

ఇక కాగితాలు. మున్సిపల్ పాత మినిట్స్‌లో (సమావేశాల నమోదు పుస్తకాల్లో) భవనం పేరుతో వెతికితే అంతగా దొరకదు, కొత్త బండి కొన్న తీర్మానం పట్టుకోండి. గుమ్మం పగలగొట్టిన ఖర్చు దాని చుట్టుపక్కలే ఉంటుంది. అమెరికా ఊళ్లకైతే అగ్నిప్రమాద బీమా కోసం ఒక్కో భవనాన్నీ చూపుతూ గీసిన శాన్‌బోర్న్ పటాలున్నాయి. వాటిలో ఇటుక గోడ గులాబీ, చెక్క పసుపు. సవరణలను పైన కాగితం ముక్కలుగా అతికించేవారు కాబట్టి, పటం తేదీతోపాటు సవరణ తేదీ కూడా రాసుకోండి.

చివరగా 1:50 ప్లాను గీసి, ఒక్కో దశకు ఒక్కో రంగు వేయండి. ప్రతి గోడ పక్కన "ఫలానా ఏడాదికి ముందు" లేదా "తర్వాత" అని, దానికి ఆధారంతో సహా రాయండి. తేలని గోడను తెల్లగానే వదిలేయండి.